మీటరు తీగల గురించి మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడిలో ఇంటి ముందు గదిలోనే రిపేరు బల్ల వేస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నలుగురికి నేనే ఫోను చేసి గొప్పలు చెప్పుకున్నాను. తెల్లవారుజామున మెలకువ వచ్చి, ఈ పిల్ల వోల్టులు కొలిచే మీటరుకు ఏ తీగ కడుతుందో అన్న దిగులు పట్టుకుంది. ఒడియా బడిలో చదివినా మీ అమ్మ పట్టుబట్టి నీకు తెలుగు దిద్దించింది కదా, నెమ్మదిగా చదువుకో.

ఎరుపొకటి, నలుపొకటి, చెరి మూడడుగులు. ఇది నీకు తెలుసు.

తీగ లావు చూసి మోసపోకు, పోగులు చూడు. 0.08 మిల్లీమీటర్ల పోగులు 150 ఉన్న సిలికాన్ తొడుగు తీగ కావాలని అడుగు. అన్నీ కలిస్తే 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి. వేలి మీద వేస్తే మల్లెదండలా రెండు పక్కలా వాలిపోవాలి. కోసిన ముక్కకు వేడి సోల్డరింగ్ ఐరన్ ఆనించు. తొడుగు పీవీసీ ప్లాస్టిక్ అయితే కరుగుతుంది, సిలికాన్ చెక్కుచెదరదు. పోగులను మెలితిప్పి చాకుతో గీకు. తగరం పూత కింద ఎర్రగా కనిపించాలి. లోపలా తెల్లగా ఉంటే అది అల్యూమినియం, తిరిగి ఇచ్చెయ్. సిలికానుకు వేడి అంటే లెక్కలేదు గానీ పదును అంటే భయం. సొరుగు అంచుకు ఒరిసి గాటు పడితే ఆ తీగ పారెయ్, టేపు చుట్టకు.

ఇక నా తప్పు. మంచి తీగ కావాలంటే ఆ రోజుల్లో చిన్న రైలెక్కి నౌపడ వెళ్లి, అక్కడ పెద్ద రైలు మారి విశాఖ వెళ్లాలి. బద్ధకించి, బల్బులకు వాడే తీగనే ప్రోబులకు, అంటే మీటరుతో తాకించే మొన పుల్లలకు, అతికించాను. అది గట్టి తీగ. పైగా అతుకుకు సీసం ఎక్కువ పెట్టడంతో అది పోగుల్లోకి పాకి, తొడుగు కింద పుల్లలా బిగిసింది. ఆ పుల్ల ఆగిన చోటే రోజూ వంగి వంగి రాగి తెగింది. పైన తొడుగు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.

ఒకాయన ఆన్ కాని కలర్ టీవీ తెచ్చాడు. ప్లగ్గు పీకాను. లోపలి పవర్ సప్లయి పనిచేయని సెట్టులో, కరెంటు నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్ వెంటనే ఖాళీ కాదు, మూడు వందల వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. నాకు ఆ సంగతి తెలుసు, అందుకే కొలిచాను. మీటరు సున్నా చూపింది. చెయ్యి పెట్టాను. షాకు కొట్టిన విసురుకు మోచెయ్యి వెళ్లి పిక్చర్ ట్యూబు మెడకు తగిలింది. బుస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ట్యూబు డబ్బు ఏడు నెలలు కట్టాను. అదంతా నాకు బాధ కాదు. సున్నాను నమ్మానే, అదీ బాధ.

అందుకని, మీటరును బీప్ మీద పెట్టి, ప్రోబు మొనలు రెండూ కలిపి, తీగను ప్లగ్గు దగ్గరా పిడి దగ్గరా అటూ ఇటూ వంచు. బీప్ తెగకూడదు. సున్నా వచ్చినప్పుడల్లా తెలిసిన బ్యాటరీ మీద కొలిచి చూసుకుని, మళ్లీ కొలువు. ఈ విషయంలో నువ్వు విసుక్కుంటే నాకు కోపం వస్తుంది. సీసం తక్కువ పెట్టు, అతుకు మీదుగా మెత్తటి స్లీవు రెండంగుళాలు ఎక్కించు.

ఇంకో మాట. మనం చేసుకున్న తీగలు బ్యాటరీలకు, ఫోను బోర్డులకే. గోడ ప్లగ్గుకు, టీవీ సప్లయికి మాత్రం క్యాట్ 3 (అది భద్రత తరగతి), 600 వోల్టులు అని రాసి ఉన్న నమ్మకమైన కంపెనీ ప్రోబులు కొను. డబ్బు చాలకపోతే అడుగు, మావయ్యను అడగడానికి మొహమాటమెందుకు?

గురువారం రైలుకు వచ్చే మనిషి చేత ఎరుపూ నలుపూ తీగ రెండేసి మీటర్ల పొడవున పంపుతున్నాను. ఈ ఉత్తరం మీ అమ్మ కంట పడనీయకు. ఆ రోజు కుర్చీలోంచి జారిపడ్డానని తనకు చెప్పాను.

మీ మావయ్య
గుణుపురం