బైపీసీ తర్వాత న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్: కష్టమంతా తూకం దగ్గరే

అమలాపురం వైపు నుంచి ఒక అమ్మాయి అడిగింది: “ఇంటర్ బైపీసీ అయింది, నీట్‌లో సీటు రాలేదు. బీఎస్సీ న్యూట్రిషన్‌లో చేరదామంటే ఇంట్లోవాళ్లు వంటల కోర్సు అంటున్నారు. అసలు అందులో ఏం చెబుతారు? ఎక్కడ కష్టం?”

వంటల కోర్సు కాదండి. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఫుడ్ మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ అన్నీ ఉంటాయి. కిడ్నీ పొటాషియాన్ని ఎలా బయటికి పంపుతుందో తెలియకుండా థెరప్యూటిక్ డైట్ (రోగాన్ని బట్టి ఇచ్చే ఆహారం) పేపరు రాయలేరు. బైపీసీ చదివినవాళ్లకి అదంతా అలవాటైన బాటే. చాలామంది తడబడేది మరోచోట, కొలతల దగ్గర.

ఒక ఉదాహరణ చూడండి. పళ్లెంలో అన్నం 400 గ్రాములు తూగిందనుకోండి. ఏ ఆహారంలో ఏముందో చెప్పే పట్టికలో బియ్యం 100 గ్రాములకి 356 కిలోకేలరీలని ఉంటుంది. గబగబా గుణిస్తే 1424 వస్తుంది. తప్పు. పట్టికలోది పచ్చి బియ్యం, పళ్లెంలోది ఉడికిన అన్నం. ఉడికితే బరువు రెండున్నర నుంచి మూడు రెట్లవుతుంది కాబట్టి ఆ 400 గ్రాముల వెనక ఉన్నది సుమారు 150 గ్రాముల బియ్యమే. అంటే 534 కిలోకేలరీలు. ఈ ఒక్క పొరపాటుతో షుగరు మనిషి పూటకి తొమ్మిది వందల కేలరీలు ఎక్కువ తింటున్నట్టు రాసేస్తారు. ఆయన అన్నం సగానికి కోసేస్తారు, సాయంత్రానికి ఆయన నీరసంతో కూలబడతాడు. గంజి వార్చిన అన్నమూ కుక్కరు అన్నమూ ఒకేలా తూగవు కూడా. అందుకే మీ ఇంటి బియ్యం 100 గ్రాములు వండి, దించాక తూచి, ఎన్ని రెట్లయిందో రాసి పెట్టుకోండి.

గంజి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పాలిష్ పట్టిన బియ్యంలో థయమిన్ (విటమిన్ బి1) ఎలాగూ తక్కువ, ఆ మిగిలిందాంట్లో కొంత గంజితో పోతుంది. ఉప్పుడు బియ్యంలో అది కొంత నిలుస్తుంది. మన గోదావరి జిల్లాలు ఉత్తర సర్కారులన్న పాత కోస్తా ప్రాంతంలో భాగంగా ఉన్న రోజుల్లో ఇక్కడ థయమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు ఉండేది, కారణం ఈ తెల్లబియ్యపు తిండే. 1918లో నీలగిరుల్లోని కూనూరులో బ్రిటిష్ వైద్యుడు మెక్‌కారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) అన్న పేరు తెచ్చుకుంది. మీరు మూడేళ్లూ తిరగేసే ఆహార పట్టికలు ఆ సంస్థ 2017లో వేసినవే.

పప్పు లెక్క ఇంకా ముఖ్యం. “రోజూ పప్పు తింటున్నాం కదా, ప్రోటీన్‌కేం లోటు” అంటారు. 150 గ్రాముల కందిపప్పుతో టమాటా పప్పు వండితే గిన్నె మొత్తం 900 గ్రాములు తూగిందనుకుందాం. ఇంటావిడ వడ్డించుకున్నది 120 గ్రాములు. 150ని 120తో గుణించి 900తో భాగించండి: 20 గ్రాముల కందిపప్పు. అందులో ప్రోటీన్ నాలుగు గ్రాముల పైచిలుకు. 60 కిలోల మనిషికి కిలోకి 0.83 చొప్పున రోజుకి 50 గ్రాములు కావాలి. ఈ లెక్క చేయడం వచ్చినవాళ్లు గుడ్డు, చేప, పెరుగు ఎందుకు కలపమంటున్నారో రోగికి నమ్మకంగా చెప్పగలరు. ఒక మాట గుర్తుంచుకోండి, పట్టిక అంకెలు తినదగిన భాగానికే. చేప ముల్లూ తలా, అరటిపండు తొక్కా, ములక్కాడ పీచూ తీసేశాక తూచాలి.

తర్వాత ‘నిన్న ఏం తిన్నారు’ అని అడిగే 24 గంటల రీకాల్. మొదట ఆపకుండా చెప్పనివ్వండి. రెండో విడత వేళలూ పరిమాణాలూ అడగండి. మూడో విడతలో మరిచిపోయేవి: టీలో పంచదార, పోపులో నూనె, కొబ్బరి పచ్చడి, సాయంత్రం నోట్లో వేసుకున్న జంతికలు. మన వైపు పెద్దవాళ్లు ‘అరసోల’, ‘గిద్దెడు’ అంటారు. ఎవరి సోల ఎంతో ఎవరికి తెలుసు? వాళ్ల గిన్నే, గరిటే తెప్పించి నింపించి తూచాలి. “టిఫిన్ తిన్నారా?” అని అడిగితే తినకపోయినా తిన్నానంటారు, “లేచాక మొదట ఏం తీసుకున్నారు?” అనండి. ముఖం చిట్లించారో, కాజా సంగతి మీకింక చెప్పరు. నిన్న తద్దినమో పండగో అయితే ఆ రోజు లెక్కలోకి రాదు, మరో రోజుది అడగాలి.

ఇక ఆసుపత్రి. కోనసీమలో రోగిని చూడ్డానికొచ్చేవాళ్ల చేతిలో కొబ్బరి బొండం ఉంటుంది. బొండం నీళ్లలో 100 మిల్లీలీటర్లకి సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం. 300 మిల్లీలీటర్ల బొండం అంటే 750. రక్తంలో పొటాషియం పెరిగిపోయిన కిడ్నీ రోగికి అది గుండె లయనే దెబ్బతీయగలదు. అరటిపండూ అంతే. ఇలాంటివాళ్లకి కూరగాయలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండాలి. ‘లో సోడియం’ ఉప్పు కూడా వద్దు, అందులో ఉండేది పొటాషియం క్లోరైడ్. బీపీ ఉన్నవాళ్లని ఎండు రొయ్యలు, ఆవకాయ ఎంత తింటున్నారో విడిగా అడగండి. పళ్లెంలో వేసుకునే ఉప్పు తగ్గించానని చెప్పి ఇవి లెక్కలో వేయరు.

చేరేముందు కాలేజీలో రెండు చూడండి. ప్రాక్టికల్ వంటగదిలో ఒక గ్రాము తేడా చూపే తూకం విద్యార్థులకి అందుబాటులో ఉందా, అద్దాల బీరువాలో ఉందా? ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, వార్డులో రోగుల కేస్‌షీట్ రాయనిస్తారా, లేక క్యాంటీన్‌లో నిలబెడతారా? దీన్ని సీనియర్లని అడగండి, ప్రిన్సిపాల్‌ని కాదు.

డిగ్రీ సీటు ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఓఏఎండీసీలో, రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ సీటు ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్షతో. ఎన్‌ఐఎన్‌లో ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్‌కి వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది. ‘రిజిస్టర్డ్ డైటీషియన్’ అనిపించుకోవాలంటే ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష రాయాలి. దానికి సాధారణంగా పీజీ లేదా పీజీ డిప్లొమాతో పాటు ఆరు నెలల ఆసుపత్రి ఇంటర్న్‌షిప్ అడుగుతారు. కాబట్టి బీఎస్సీతో ఆగిపోదామన్న ఆలోచనతో చేరకండి, ఐదారేళ్ల దారి అని ఇంట్లో ముందే చెప్పండి. సీటు వచ్చేలోపు ఒక వంటింటి తూకం కొని, మీ ఇంటి గరిటె, గిన్నె, టీ గ్లాసు, చెంచా ఒక్కోటి ఎంత పడుతుందో ఓ నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టండి. మొదటి ప్రాక్టికల్‌కి అదే మీకు రికార్డు.