గురుడు ఎక్కడున్నాడో చెప్పడానికి మీ ఇంటి అడ్రస్ ఎందుకు?

ప్రశ్న: ఫోన్‌ని ఆకాశంవైపు పెడితే గ్రహాల పేర్లు చూపించే యాప్ వేసుకున్నాను. గురుడు ఉన్నాడని అది చూపించిన చోట ఏమీ లేదు, చాలా పక్కన ఒక పెద్ద చుక్క వెలుగుతోంది. కచ్చితమైన లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే సరిగ్గా చూపిస్తానంటోంది. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వకండి. తోకచుక్క వార్త వచ్చి జనం ఆకాశంవైపు చూసిన ప్రతిసారీ ఇదే ఫిర్యాదు నాకు వస్తుంది. ఇక్కడ తప్పు లొకేషన్‌ది కాదు, ఫోన్‌లోని దిక్సూచిది. మొన్న నా ఫోన్‌ని బల్లమీద పెట్టి దిక్సూచి తెరిచాను. ఇయర్‌బడ్స్ డబ్బాని దగ్గరికి జరిపేసరికి ఉత్తరం చూపిస్తున్న ముల్లు గిర్రున పక్కకు తిరిగింది. ఆ డబ్బా మూతలో ఉండేది చిన్న అయస్కాంతమే. అలాంటిదే మీ ఫోన్ కవర్లోనూ ఉండొచ్చు. కవర్ తీసేసి, ఇనప రెయిలింగ్‌కి దూరంగా నిలబడి, ఫోన్‌ని గాల్లో 8 అంకెలా నాలుగైదుసార్లు తిప్పండి. తర్వాత చంద్రుడివైపు పెట్టి చూడండి. తెరమీది చంద్రుడు అసలు చంద్రుడి మీదికి రాకపోతే మిగతావన్నీ అంతే పక్కకు ఉంటాయి. అప్పుడు సెన్సర్ ఆపేసి మ్యాప్‌ని వేలితో జరుపుకోవడమే మేలు. పైగా మీరు చూసిన ఆ పెద్ద చుక్క మిణుకుమనకుండా నిలకడగా వెలుగుతుంటే, గురుడు బహుశా అదే.

ఇక లొకేషన్ సంగతి. మీరు ఉత్తరానికో దక్షిణానికో 111 కిలోమీటర్లు వెళ్తే ఆకాశం జరిగేది సుమారు ఒక్క డిగ్రీ. చెయ్యి చాచి పట్టుకున్న చిటికెన వేలి వెడల్పంత అన్నమాట. లొకేషన్ 5 కిలోమీటర్లు తప్పినా వచ్చే తేడా చంద్రబింబంలో పదోవంతు ఉండదు. అలాంటప్పుడు ఈ యాప్‌కి మీ గుమ్మం దాకా లెక్క ఎందుకు? నాకు ఎక్కువ భయం ఇక్కడే. ఆకాశం చూసేది రాత్రిపూట, ఎక్కువమంది సొంత మేడమీది నుంచే. వారం రోజుల ఆ రికార్డు చాలు, మీ ఇల్లు ఎక్కడో, ఎన్నింటిదాకా మేలుకుని ఉంటారో తెలిసిపోవడానికి. ఐఓఎస్ 14 (2020), ఆండ్రాయిడ్ 12 (2021) నుంచి సుమారు లొకేషన్ మాత్రమే ఇచ్చే వీలుంది. అదే ఎంచుకోండి, అదీ యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే. కాంటాక్ట్స్ కూడా అడిగితే ఆ యాప్‌ని తీసెయ్యండి. కంప్యూటర్ ఉన్నవాళ్లకి ఆకాశం చూపించే స్టెల్లేరియం ప్రోగ్రామ్ ఉచితం. ఊరి పేరు మనమే ఇచ్చుకోవచ్చు, అకౌంట్ తెరవక్కర్లేదు.

ప్రశ్న: 'తోకచుక్క లైవ్' అని గ్రూపులో ఏపీకే (యాప్ స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైలు) లింక్ వచ్చింది. వేసుకున్నాను. యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతోంది.

జవాబు: దయచేసి ఇవ్వకండి. ఆ పర్మిషన్ ఉన్న యాప్ మీ తెరమీది అక్షరాలు చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. బ్యాంక్ యాప్ కూడా ఆ ఫోన్‌లోనే ఉంది కదా! ఇచ్చేసి ఉంటే ముందు నెట్ ఆపండి, పర్మిషన్ తీసేసి యాప్ తొలగించండి, పాస్‌వర్డులు వేరే పరికరం నుంచి మార్చండి, బ్యాంకుకి చెప్పండి. తోకచుక్క ఉల్కలా దూసుకుపోదు. చుక్కల మధ్య రోజురోజుకీ మెల్లగా జరుగుతుంది, దానికి లైవ్ అక్కర్లేదు. 2024 అక్టోబరులో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క సూర్యాస్తమయం తర్వాత పడమటి దిక్కున మామూలు కంటికే కనిపించింది. తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలివైపే సాగుతుంది కాబట్టి, అలాంటప్పుడు అది పైకి చూస్తూ ఉంటుంది. ఇంతకు మించి వెతుక్కోవాల్సింది లేదు.

ప్రశ్న: మామూలు బైనాక్యులర్స్‌తో గురుడి చందమామలు కనిపిస్తాయా?

జవాబు: కనిపిస్తాయి. 10×50 రకం (పదిరెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం వెడల్పు 50 మి.మీ.) చాలు. మోచేతులు పిట్టగోడకి ఆనించి కదలకుండా పట్టుకోండి. గురుడి పక్కన ఒకే వరుసలో సన్నటి చుక్కలు, నాలుగు దాకా కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో చూసినవి అవే. వాటిలో అయో సుమారు ఒక రోజు 18 గంటల్లో ఒక చుట్టు తిరిగొస్తుంది, మర్నాటికి వరుస మారిపోయి ఉంటుంది.

అయితే కళ్లు చీకటికి అలవాటు పడాలంటే 20-30 నిమిషాలు కావాలి. యాప్‌లలో ఎర్రటి నైట్ మోడ్ పెట్టింది అందుకే. ఈమధ్య అప్‌డేట్ల తర్వాత ఆ ఎర్రటి తెరమీదే పాలలా తెల్లటి ఫుల్‌స్క్రీన్ ప్రకటన వచ్చి పడుతోంది. దాన్ని మూసే గుర్తు వెతికేలోగా అరగంట ఓపిక బూడిదలో పోసినట్టే. ఇది తయారుచేసినవాళ్లు ఒక్క రాత్రైనా చీకట్లో నిలబడి తమ యాప్ వాడి చూసుంటే ఇలా వదిలేవారు కాదు. పిల్లలకి శని గ్రహం చూపిద్దామని మేడెక్కినవాళ్ల కళ్లు చెదరగొట్టడం నాకు నిజంగా కోపం తెప్పిస్తోంది. ప్రకటన వేసుకోండి, కానీ అదీ ఎర్రగానే, మసగ్గానే రావాలి. ఇలా చేసే యాప్‌కి రివ్యూలో ఈ మాటే రాయండి. ఈలోగా మేడెక్కే ముందు ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. చాలా యాప్‌లు గ్రహాల స్థానాలను ఫోన్‌లోనే లెక్కవేసుకుంటాయి, వాటికి నెట్ అక్కర్లేదు.