పట్టాలే లేని దారిలో మళ్లీ రైలు

ప్రశ్న: మాస్టారూ, మొన్న శ్రీలంకలో కొలంబో నుంచి జాఫ్నాకు రైల్లో వెళ్లాం. ఆ లైను 24 ఏళ్లు మూతపడి ఉందని పక్క సీటాయన చెప్పారు. పాత పట్టాలు శుభ్రం చేసుకోవడానికి అన్నేళ్లా?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: శుభ్రం చేయడానికి పట్టాలుంటేగా అమ్మా! 1990 జూన్‌లో అంతర్యుద్ధంతో జాఫ్నా రైళ్లు ఆగిపోయాయి. తర్వాత చాలాచోట్ల పట్టాలూ, వాటి కింద అడ్డంగా వేసే స్లీపర్ దిమ్మెలూ పీకి బంకర్లకు వాడేశారు. 2009లో యుద్ధం ముగిశాక ముందు మందుపాతరలు ఏరాలి, ఆపైనే గడ్డపార. ట్రాక్ పనిలో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి, వానకు పట్టాల కింది మట్టికట్ట కుంగితేనే మాకు నిద్రపట్టని టెన్షన్!

మన దేశం అప్పు ఇచ్చింది, మన ఇర్కాన్ కంపెనీ లైను వేసింది. గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం కూడా మన బ్రాడ్‌గేజే, 1676 మిల్లీమీటర్లు. 2013 సెప్టెంబరులో కిలినొచ్చి, 2014 మార్చిలో పళై, అక్టోబరు 13న జాఫ్నా చేరింది రైలు. లైను చివరనున్న కంకేసంతురైకి 2015 జనవరిలో.

పట్టాలు పరిచేస్తే పనైపోదు. కొత్త కట్ట మీద బళ్లు నడిచేకొద్దీ కంకర సర్దుకుంటుంది, స్లీపర్ కింద ఖాళీ పడుతుంది. మా పాత గ్యాంగ్‌మన్ ఒకాయన స్లీపర్‌ను కర్రతో తట్టి, బోలుగా మోగితే అక్కడే ఆగి సున్నంతో గుర్తు పెట్టేవాడు. ఆ ఖాళీల్లోకి కంకర దట్టించాకే వేగం పెంచుతారు.

అన్నట్టు, మీరెక్కింది ‘యాళ్ దేవి’ రైలేనా? జాఫ్నాకు తమిళ పేరు యాళ్పాణం, అందులోంచి వచ్చిందే ఆ యాళ్.