పార్కింగ్ ఫైను: పాతిక పౌండ్లు కట్టేయాలా, కౌన్సిల్‌కు రాయాలా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. ఆరు రోజుల క్రితం కౌన్సిల్ పార్కింగ్‌లో డబ్బు కట్టి, టికెట్ తీసి డాష్‌బోర్డు మీద పెట్టాను. తలుపు వేసిన గాలికి అది బోర్లా పడింది. తిరిగి వచ్చేసరికి అద్దానికి 50 పౌండ్ల ఫైను అంటించి ఉంది. 14 రోజుల్లో కడితే 25 పౌండ్లే. స్నేహితులు పట్టించుకోవద్దంటున్నారు. మావారు కట్టేసి వదిలించుకుందామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కట్టకండి, వదిలేయనూ వద్దు. ఈ రోజే కౌన్సిల్‌కు రాయండి.

మీ స్నేహితులు ఎక్కడ పొరబడ్డారో చెబుతాను. సూపర్‌మార్కెట్ల దగ్గర ప్రైవేటు సంస్థలు ఇచ్చేది ‘పార్కింగ్ చార్జ్ నోటీస్’. కౌన్సిల్ ఇచ్చేది ‘పెనాల్టీ చార్జ్ నోటీస్’. రెండింటినీ పీసీఎన్ అనే అంటారు. ప్రైవేటు సంస్థ డబ్బు రాబట్టాలంటే కోర్టులో దావా వేసి గెలవాలి. కౌన్సిల్‌కు 2004 నాటి ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ చట్టం అండ ఉంది. 28 రోజులు దాటితే కారు యజమాని పేరిట ఇంటికి నోటీసు వస్తుంది. దానికీ పలకకపోతే 50 కాస్తా 75 అవుతుంది. తర్వాత నార్తాంప్టన్‌లోని ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్‌లో బాకీగా నమోదు చేస్తారు, ఆ రుసుమూ మీ మీదే పడుతుంది. ఆఖరికి వసూలు ఏజెంట్లు గుమ్మం తొక్కితే వాళ్ల ఫీజులే అసలు ఫైనును మించిపోతాయి.

మీవారి మాట విని కట్టేస్తే కేసు అక్కడితో ముగుస్తుంది, ఆపై అభ్యంతరం చెప్పే వీలుండదు. పాతిక పౌండ్లు చిన్న మొత్తమే కావచ్చు. కానీ పార్కింగ్‌కు కట్టాల్సింది మీరు కట్టే ఉన్నారు కదమ్మా! 14 రోజుల లోపల రాస్తే, మీ అభ్యంతరాన్ని తోసిపుచ్చినా సాధారణంగా సగం రాయితీని మరో 14 రోజులు ఇస్తారు. మీ నోటీసులో ఆ సంగతి ఎలా ఉందో ఒకసారి చదివి చూసుకోండి. అది ఉంటే, రాయడం వల్ల మీకు పోయేదేమీ లేదు.

ఉత్తరంలో కోపం వద్దు. టికెట్‌ను రెండు వైపులా ఫోటో తీసి, సమయం, సంఖ్య స్పష్టంగా కనిపించేలా జతచేయండి. కార్డుతో కట్టి ఉంటే ఆ బ్యాంకు ఎంట్రీ కూడా పెట్టండి. టికెట్ బోర్లా పడిందని దాచకుండా ఒప్పుకోండి. మొదటిసారి అని కనికరించి రద్దు చేసే కౌన్సిళ్లు ఉన్నాయి.

కాదంటే? అక్కడ లెక్క మారుతుంది. ఇంకా పోరాడాలంటే ఇంటికి నోటీసు వచ్చేదాకా ఆగి, మళ్లీ రాసి, అదీ తోసిపుచ్చితే ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అక్కడ ఫీజు లేదు కానీ రాయితీ పోతుంది. ఖాయంగా 25 ఇవ్వడమా, ఓడితే 50 ఇవ్వడమా? గెలిచే అవకాశం సగానికి మించి ఉంటేనే వెళ్లడం లాభం. ట్రిబ్యునల్ చూసేది ప్రధానంగా నిబంధన తప్పారా లేదా అని. మీ టికెట్ కనిపించలేదన్నది నిజమే. అందుకే ఆ దశలో 25 కట్టేయమంటాను. బోర్డు చెట్టుకొమ్మల చాటున ఉన్నా, గడువు దాటాక ఇవ్వాల్సిన పది నిమిషాలు ఇవ్వకపోయినా చివరిదాకా వెళ్లమనేదాన్ని.

ఈ మధ్య ఇల్లు మారారా? అయితే కారు రిజిస్ట్రేషన్ పత్రంలో చిరునామా మార్పించండి, దానికి ఖర్చేమీ లేదు. కౌన్సిల్ నోటీసులు వెళ్లేది ఆ చిరునామాకే.