ముత్తాత మద్రాస్ శాపర్స్‌లో (సైన్యంలోని ఇంజినీరింగ్ దళం) చేశారట, ఇంట్లో పాత పింఛను పుస్తకం ఒక్కటే మిగిలింది. బెంగళూరులో ఉంటూ ఆయన సర్వీసు వివరాలు తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. పింఛను పుస్తకం దొరకడమే మీ అదృష్టం. ముందు అందులో సర్వీసు నంబరు వెతకండి. పేరు కన్నా అదే ముఖ్యం. అప్పలస్వామి అనే పేరుతో ఒక్క దళంలోనే ఎందరో ఉండేవారు; పైగా మన పేర్లను గుమాస్తాలు ఇంగ్లీషులో తోచినట్టు రాసేవారు, ఇంటిపేరు చాలాసార్లు వదిలేసేవారు. అందుకే తండ్రి పేరు, ఊరు, తాలూకా కూడా రాసుకోండి. మీ సొంతూరు ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో ఉంటే, 1950కి ముందు కాగితాల్లో విశాఖపట్నం జిల్లా అని, 1936కి ముందువైతే గంజాం జిల్లా అని కూడా ఉండవచ్చు.

తర్వాత పింఛను రకం చూడండి. సర్వీసు పింఛనా, గాయాల వల్ల ఇచ్చినదా? భార్య పేరున మంజూరైతే ఆయన యుద్ధకాలంలో చనిపోయారేమో ఆరా తీయాలి. అలాగైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన భారత, ఇతర కామన్వెల్త్ సైనికుల వివరాలు అందులో ఉన్నాయి.

మద్రాస్ శాపర్స్ కేంద్రం మీ బెంగళూరులోనే, అల్సూరు దగ్గర ఉంది. పింఛను పుస్తకంలోని పేజీల నకళ్లు, మీ బంధుత్వం చూపే కాగితాలు జతచేసి అక్కడి రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాయండి. ఉత్తరంలో సర్వీసు నంబరు మొదటి వరుసలోనే ఉండాలి. అసలు పుస్తకం మాత్రం ఎవరికీ పంపకండి, లామినేషన్ అసలే వద్దు.