వాడికి వచ్చిన మాటలన్నీ లెక్కపెట్టండి

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర. ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి బెల్లందూరులో ఉంటున్నాం. బాబుకి రెండేళ్ళ నాలుగు నెలలు. ఇంట్లో తెలుగే. మొదటినుంచీ అత్తగారికి సాయంగా ఉన్న ఆయా వాడితో కన్నడ మాట్లాడుతుంది. రెండు నెలలుగా పూటపూటా డేకేర్‌కి పంపుతున్నాం, అక్కడ ఇంగ్లిష్. వాళ్ళు ఇంగ్లిష్ పదాల పట్టిక పెట్టి చూస్తే వీడికి ఇరవై మాటలు కూడా రాలేదట. ‘స్పీచ్ డిలే (మాటలు ఆలస్యం) ఉంది, ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడండి’ అన్నారు. అత్తగారేమో ‘నాతో పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటాడు’ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: ఇంట్లో తెలుగు మానకండమ్మా. ఇదే బెంగళూరులో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తూ ఇలాంటి తల్లుల్ని తరచూ చూస్తుంటాను. డేకేర్‌వాళ్ళు కొలిచింది మీ వాడి భాషని కాదు, రెండు నెలల కిందట చెవిన పడ్డం మొదలైన ఇంగ్లిష్‌ని. దాన్నిబట్టి డిలే అనేయడం పసివాడికి అన్యాయం.

అమెరికాలో ఇంట్లో స్పానిష్, బయట ఇంగ్లిష్ వినే పిల్లల మీద ఈ విషయంలో చాలా పని జరిగింది. 1993లో మయామీకి చెందిన బార్బరా పియర్సన్ బృందం అలాంటి 25 మంది పసిపిల్లల మాటల్ని రెండు భాషల్లోనూ లెక్కపెట్టింది. రెండూ కలిపి చూస్తే, ఒకే భాష వినే పిల్లల కన్నా వాళ్ళు వెనకబడి లేరు. పిల్లలకి వచ్చిన మాటలకి తల్లిదండ్రులు టిక్ పెట్టే మెకార్థర్-బేట్స్ పదాల పట్టికకి స్పానిష్ రూపం కూడా ఉంది. అది ఇంగ్లిష్ పట్టికకి ఉత్త అనువాదం కాదు, ఆ భాష పిల్లల కోసం విడిగా తయారుచేసింది. మన పిల్లలకీ అంతే. బువ్వ, లాల, జేజ లేని పట్టికతో తెలుగు పిల్లవాణ్ణి ఏం కొలుస్తాం?

కాబట్టి ఒక నోటుబుక్కు పెట్టండి. వారం రోజులు మీరు, మీ ఆయన, అత్తగారు వాడు తనంతట తాను అన్న ప్రతి మాటా రాయండి. ఆయాని అడిగి కన్నడ మాటలు కూడా చేర్చండి. పలుకు తేడాగా ఉన్నా, ఎప్పుడూ ఒకే వస్తువుకి వాడితే అది మాటే. ‘పాలు’ అని మీతో, ‘హాలు’ అని ఆయాతో అంటే రెండూ రాయండి. అన్నిటికన్నా ముఖ్యంగా, రెండేసి మాటలు కలుపుతున్నాడా చూడండి: ‘అమ్మ రా’, ‘బువ్వ వద్దు’. ఇంగ్లిష్, కన్నడ కలిపి ‘మిల్క్ బేడ’ (పాలు వద్దు) అన్నా సంతోషించండి. భాషలు కలిపేయడం జబ్బు కాదు, తనకి అందిన మాటతో పని జరుపుకుంటున్నాడు. రెండేళ్ళకి అన్ని భాషల్లో కలిపి యాభై మాటలు, రెండు మాటల జంటలు ఉండాలని మేం సాధారణంగా చూస్తాం. మీ వాడు రెండేళ్ళు దాటాడు గనక అవి రెండూ కనిపించాలి.

కనిపించకపోతే ఆలస్యం చేయొద్దు. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, కావలసినదాన్ని వేలితో చూపకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా వెంటనే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళండి. నిజమైన భాషా సమస్య ఉంటే అది ఇంగ్లిష్‌లో ఒక్కదాన్లోనే ఉండదు, తెలుగులోనూ కనబడుతుంది. స్పానిష్-ఇంగ్లిష్ పిల్లలకి నాలుగు నుంచి ఏడేళ్ళ లోపు చేసే బీసా అనే పరీక్షలో రెండు భాషల్నీ విడివిడిగా చూసి, ఏ భాషలో బాగా చేస్తే దాన్ని లెక్కలోకి తీసుకునేది అందుకే.

వినికిడి పరీక్ష మాత్రం ఎలాగైనా చేయించండి. టీవీ శబ్దానికి తిరుగుతున్నాడు కదా అని ఊరుకోవద్దు. జలుబు చేసి చెవి లోపల నీరు చేరినా మాటలు సరిగ్గా వినబడవు.

మన బెంగళూరులోని నిమ్హాన్స్ ఆస్పత్రిలో స్పీచ్, ఆడియాలజీ (వినికిడి) విభాగం ఉంది. మైసూరు మానసగంగోత్రిలోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకైనా వెళ్ళొచ్చు. ఎక్కడికి వెళ్ళినా నోటుబుక్కునీ, అత్తగారినీ వెంట తీసుకెళ్ళండి. తెలుగు వచ్చిన థెరపిస్టు దొరక్కపోతే, అత్తగారు వాడితో మాట్లాడుతుంటే చూడమని అక్కడివాళ్ళని అడగండి. ఏయే భాషల్లో చూశారో రిపోర్టులో రాయించుకోండి. అందులో ఇంగ్లిష్ ఒక్కటే ఉంటే, మిగతా రెండూ ఎందుకు చూడలేదని అక్కడే అడగండి.