అడాప్టర్లు విప్పబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

మా డీటీపీ షాపు అటక మీది పాత కీబోర్డులను నీవు బెంగళూరుకు తీసుకువెళ్ళిన సంగతి, వాటిని ల్యాప్‌టాప్‌కు తగిలించడానికి చవక అడాప్టర్లు డజను తెప్పించి ఒక్కొక్కటే విప్పి చూడబోతున్న సంగతి నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. శుభలేఖలు కొట్టి కొట్టి అక్షరాలు అరిగిపోయిన ఆ మీటల మీద మళ్ళీ ఒకరి వేళ్ళు పడతాయంటే సంతోషమే గాని, రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

అడాప్టరు డొల్లను అరచేతిలో పట్టుకొని బ్లేడు పెట్టవద్దు. విప్పడం గురించి అంతకన్నా చెప్పేదేమీ లేదు.

లోపల రెండు రకాలు కనబడతాయి. ఒక రకంలో తీగలు తప్ప ఏమీ ఉండవు; అది పీఎస్2 (పాత కంప్యూటర్ల చిన్న గుండ్రని ప్లగ్గు), యూఎస్‌బీ పద్ధతులు రెండూ తెలిసిన కీబోర్డులకే పనికివస్తుంది. మన అటక మీది కీబోర్డుకు యూఎస్‌బీ అంటే ఏమిటో తెలియదు కనుక అది మూగగా ఉండిపోతుంది, చెడిపోయిందనుకొని నీవు దాన్ని పారేస్తావు. రెండో రకంలో బోర్డు మీద నల్లని జిగురు బొట్టు ఉంటుంది. దాని కింద చిప్పును నేరుగా బోర్డుకే అతికించి ఉంటారు. గీకితే వెంట్రుకలకన్నా సన్నని తీగలు తెగిపోతాయి. చిప్పుకు తాళం వేసే క్రిస్టల్ లేకపోతే కంగారుపడకు, ఇంత నెమ్మది యూఎస్‌బీకి అది లేకుండానే నడిచే చిప్పులున్నాయి. కరెంటు ఒడిదుడుకులను సర్దే కెపాసిటర్‌కు చోటు గీసి, దాన్ని ఖాళీగా వదిలేసిన బోర్డును మాత్రం పక్కన పెట్టు.

ఇక నా నిద్ర చెడగొట్టిన విషయానికి వస్తాను. 1998 శ్రావణంలో, ఏడు రోడ్ల దగ్గర మన షాపుకు కొత్త కంప్యూటరు వచ్చింది. దాని సాకెట్టు చిన్నది, నా కీబోర్డు ప్లగ్గు పాత అయిదు పిన్నుల పెద్దది. ఫుట్‌పాత్ మీద ఒక కన్వర్టరు కొని, కంప్యూటరు నడుస్తుండగానే తగిలించాను. కీబోర్డు మీది దీపం ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. మెకానిక్ వచ్చి, మదర్‌బోర్డు మీద సాకెట్టు వెనుక బియ్యపుగింజంత ఫ్యూజు పోయిందని చూపించాడు. సాయంత్రానికి రెండు పెళ్ళిళ్ళ కార్డులు ఇవ్వవలసి ఉంది. రాగి తీగ పోగు ఒకటి వేసి కలిపేయమని నేనే బలవంతపెట్టాను. అతను వద్దన్నాడు, నేను వినలేదు. కార్డులు వెళ్ళిపోయాయి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగు రోజుల తరువాత కీబోర్డును కొంచెం పక్కకు జరిపితే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఈసారి అడ్డుపడడానికి ఫ్యూజు లేదు కనుక బోర్డు మీది రాగిగీతే మాడి లేచిపోయింది, సాకెట్టు కరిగింది. కోపంతో ఆ కన్వర్టరును సుత్తితో పగలగొట్టి చూస్తే, కరెంటు తెచ్చే అయిదు వోల్టుల తీగకూ, దాన్ని తిరిగి తీసుకుపోయే గ్రౌండు తీగకూ తొడుగును అవసరానికి మించి ఒలిచేసి టంకం వేశారు. తీగ వంగినప్పుడల్లా ఆ రెండు బోడి ముక్కలు ఒకదానికొకటి తాకుతున్నాయి. కొన్న రోజునే దాన్ని విప్పి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది. మీ అత్త గాజులు కుదువపెట్టి కొత్త బోర్డు తెచ్చాను. ఈ మాట మీ అమ్మకు ఇప్పటికీ తెలియదు, చెప్పకు.

అందుకే చెబుతున్నాను, దేనికీ తగిలించని అడాప్టరు మీదనే మీటరును తీగలు కలిస్తే మోగే చోట పెట్టి, గ్రౌండుకూ అయిదు వోల్టులకూ మధ్య మోగుతుందేమో చూడు; మోగితే ఆ రెండూ లోపల తాకుతున్నట్టే. తీగను వంచుతూ, మెలిపెడుతూ చూడు. తీగల రంగును నమ్మవద్దు. అయిదు పిన్నుల పెద్ద ప్లగ్గులో నాలుగో పిన్ను గ్రౌండు, పీఎస్2 చిన్న ప్లగ్గులో నాలుగో పిన్ను అయిదు వోల్టులు, గ్రౌండు మూడోది. పైగా ప్లగ్గు ముఖం చూసి లెక్కపెట్టిన వరుస సాకెట్టు ముఖంలో అద్దంలో వలె తిరగబడుతుంది. కాగితం మీద రెండు బొమ్మలూ గీసుకొని పక్కన పెట్టుకో, మొండితనం చేయకు. కీబోర్డు అడుగున చీటీ మీద ఎన్ని మిల్లీఆంపియర్లో కూడా చదువు. యూఎస్‌బీ మొదట ఇచ్చేది 100, తరువాత అడిగి తీసుకుంటే 500 వరకు, కాని పాతవాటికి ఆకలి ఎక్కువ.

నా మల్టీమీటరును రేపటి బస్సులో పంపుతున్నాను. నల్ల ప్రోబు మెడ దగ్గర తీగ సరిగా లేదు, కనుక ప్రతిసారీ రెండు ప్రోబులనూ ముందు ఒకదానికొకటి తాకించి, మోగిన తరువాతే మొదలుపెట్టు. మీ అత్త ఇచ్చిన ఊరగాయ సీసా కూడా ఆ సంచిలోనే ఉంది; మూత బిగించాను, అయినా సంచిని నిలువుగానే దించుకో.